లోయలో చక్రాల జాడ

పోయిన వారం మన బండి వదినని మీటింగు గది తలుపు దగ్గర నిలబెట్టి వచ్చేశాం. లోపల్నించి "ఆ బండి తీసేద్దాం" అన్న పెద్దాయన గొంతు వినపడింది, ఆవిడ తలుపు పిడి మీద చెయ్యి వేసింది, అంతలో మనకిచ్చిన పేజీలు అయిపోయాయి. వారం రోజులుగా ఆ పిడి పట్టుకునే నిలబడి ఉంది పాపం. కొత్తగా వచ్చినవాళ్లకి రెండు ముక్కలు చెప్పి ఆవిణ్ని లోపలికి పంపిద్దాం.

ఆవిడ పనిచేసేది వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో. ఇప్పుడు చేస్తున్న గేములో ఆటగాడు అంతరిక్ష నౌకలో గ్రహం తర్వాత గ్రహానికి వెళ్లి, తప్పిపోయిన మనుషుల్ని వెతుకుతాడు. నౌక దిగాక తిరగడానికి ఆరు చక్రాల బండి ఒకటుంటుంది. ఆ బండి ఈవిడది. దాని బరువు, పట్టు, స్ప్రింగులు, మలుపులో అది ఒరిగే తీరు, ఇసుకలో చక్రం చేసే చప్పుడు, అన్నీ మూడేళ్లుగా ఈవిడ చేతుల్లోంచి వచ్చినవే. ఆ బండి తిరిగే కొండలూ లోయలూ చేసేవాడు ఈవిడ సొంత మరిది, భర్తకి తమ్ముడు. ఒకే ఆఫీసు, ఒకే ఇల్లు. అతను "వదినా, వదినా" అంటుంటే విని ఆఫీసంతా ఆవిణ్ని బండి వదిన అనడం మొదలెట్టింది, ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లతో సహా. కొండలు చేస్తాడు కాబట్టి అతను కొండలరావు అయ్యాడు. అసలు పేర్లు జీతాలిచ్చేవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేవు.

సరే, తలుపు తీసింది.

గదిలో ముగ్గురున్నారు. బల్ల చివర పెద్దాయన. ఈ ఆఫీసు పెట్టినవాడు ఆయనే. మంచివాడే గానీ ఒక మాట అనుకున్నాడంటే ఉడుంపట్టు. ఆయన పక్కన టెస్టింగ్ చూసే ఆవిడ. గేములో తప్పులు వెతికి చెప్పడం ఆవిడ ఉద్యోగం. చెప్పిందే చెప్పి, చెప్పిందే చెప్పి చివరికి నస అని పేరు తెచ్చుకుంది. ఆ పేరు విన్నప్పుడల్లా నవ్వుతుంది, అది ఇంకా చిరాకు. గోడవారన కుర్చీలో కొండలరావు, తన కొండల జోలికి ఎవరూ రానంతవరకు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునే రకం.

పెద్దాయనకి ఒక అలవాటుంది. ఆలోచిస్తున్నంతసేపూ పెన్నుతో బల్ల మీద కొడుతుంటాడు. టక్ టక్, కాస్త ఆగి, టక్. మీటింగు ఎంతసేపైతే అంతసేపూ అదే వరస. ఆఫీసులో కొందరికి నిద్రలో కూడా వినిపిస్తుందట.

"కూర్చో అమ్మా" అన్నాడు. టక్ టక్, టక్.

"నిలబడే వింటాను సార్."

"ఆటగాడికి తీరిక లేదమ్మా. నౌక దిగాడు. వాడు వెతికే మనుషులున్న టవర్ ఎక్కడో కొండలవతల ఉంది. అందాకా ఇసుకలో పడి పోవాలి. దారిలో ఏముంది? రాళ్లు. ఆ రాళ్లు దాటితే మళ్లీ రాళ్లు. నౌకలోనే ఒక బటన్ పెడదాం. నొక్కితే సరాసరి టవర్ ముందు దిగుతాడు. వాడికీ హాయి, మనకీ హాయి."

బండి వదినకి ఒళ్లు మండింది. ఈ బండి పోతే తనని ఎక్కడ కూర్చోబెడతారో ఆవిడకి బాగా తెలుసు. మెనూల్లో బటన్లకి రంగులు మార్చే బల్ల దగ్గర. బతికినన్నాళ్లూ బటన్లు గుండ్రంగా ఉండాలా పలకలుగా ఉండాలా అని వాదించుకుంటూ కూర్చోవాలి.

"ఆకాశంలోంచి చూస్తే గ్రహం ఒక బొమ్మ సార్. దిగి తిరిగితేనే అది ఒక చోటు. బండి లేనప్పుడు ఇన్ని గ్రహాలెందుకు చేసినట్టు? గోడకి పోస్టర్లు అంటించుకుంటే సరిపోయేదిగా."

"మాట బాగానే ఉంది. బండి కూడా బాగుండాలి కదా."

నస గొంతు సవరించుకుంది. "బోల్తా పడుతోంది. గులకరాయి ఎక్కినా మిడతలా ఎగురుతోంది. పోయిన నెలా చెప్పాను, అంతకుముందు నెలా చెప్పాను. బోల్తా పడుతోంది."

"బండి పడట్లేదు, కొండలు పడేస్తున్నాయి" అంది బండి వదిన. "గోడల్లాంటివి కట్టి, వాటికి కొండలని పేరు పెట్టి, ఎక్కలేదని బండిని అంటే ఎలా?"

అప్పుడు కదిలాడు కొండలరావు. "అదిగో. ఆడలేక మద్దెల ఓడు. తోలడం చేతకాక నా కొండల్ని అంటున్నారు."

"ఎవరికయ్యా చేతకానిది?"

"ఆగండాగండి" అన్నాడు పెద్దాయన. "మీ ఇంటి గొడవ మీ ఇంట్లో పడండి. ఇప్పుడే, ఇక్కడే చూద్దాం. నౌక దగ్గర్నించి టవర్ దాకా ఎవరన్నా నడిపి చూపించండి. గెంతు నొక్కకూడదు."

కంట్రోలర్ బల్ల మీదే ఉంది, ముగ్గురిలో ఎవరి చెయ్యీ దాని వైపు పోలేదు.

గెంతు అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో పాపమంతా దానిదే. గేము చేసేవాళ్ల సెట్లలో, అంటే టీవీకి తగిలించి గేము ఆడి చూసే పెట్టెల్లో, ఒక రహస్యపు మీట ఉంటుంది. పటం మీద ఎక్కడ వేలు పెడితే అక్కడ బండితో సహా ప్రత్యక్షమైపోవచ్చు. పని తొందరగా అవ్వాలని పెట్టుకున్నారు, తప్పులేదు. కానీ బండి వదిన ఆ గెంతుతో తన పరీక్షా మైదానంలోకి గెంతి, అక్కడి చదునైన నేల మీద నాలుగు చుట్లు తిరిగి వచ్చేస్తుంది. కొండలరావు పక్షిలాగా పైనుంచి చూస్తూ కొండలు చెక్కుతాడు, కిందికి దిగనే దిగడు. నస, తప్పు ఎక్కడుందో అక్కడికి గెంతి, తప్పు రాసుకుని, ఇంకో తప్పు దగ్గరికి గెంతుతుంది. మూడేళ్లలో నౌక దగ్గర్నించి టవర్ దాకా చక్రాల మీద పోయినవాళ్లు ఆఫీసు మొత్తానికి ఒక్కరు లేరు. వండినవాళ్లలో ఒక్కరూ పళ్లెం ముందు కూర్చోలేదన్నమాట. ఇలాంటివాళ్లని ఏమనాలో మీరే చెప్పండి.

"నేను నడుపుతాను" అని బండి వదిన కంట్రోలర్ అందుకుంది.

మొదట బాగానే పోయింది. ఎర్రటి ఇసుక, దూరంగా రెండు చందమామలు. కొండ మొదలవగానే ముందు చక్రాలు పైకి లేచాయి. బండి బల్లిలాగా గోడ పట్టుకుని పాకింది, పాకింది, సగం ఎత్తులో ఒక చిన్న రాయి తగిలింది. అంతే. గాల్లో రెండు పల్టీలు కొట్టి, వెల్లకిలా పడి, వీపు మీద జారుకుంటూ మళ్లీ నౌక దగ్గరికే వచ్చి ఆగింది. పక్కసీటులో కూర్చునే డాక్టరమ్మ "జాగ్రత్త" అంది.

ఆ డాక్టరమ్మ గేములో తోడు వచ్చే మనిషి. కథ రాసేవాళ్లు ఆమెకి దారి పొడుగునా చెప్పడానికి బోలెడు మాటలు రాశారు, గొంతు కూడా రికార్డు చేయించారు. అయితే గెంతకుండా చాలా దూరం పోతే గానీ ఆమె నోరు విప్పదు. అందుకని ఆఫీసులో ఆమె నోట ఎవరైనా విన్న మాట ఈ "జాగ్రత్త" ఒక్కటే.

మళ్లీ నడిపింది. మళ్లీ "జాగ్రత్త." మూడోసారి బండి నౌక మీదే పడింది.

పెద్దాయన పెన్ను ఆపాడు. "ఈ కొండ ఇంత నిటారుగా ఎందుకుందయ్యా?"

"మొదట్లో ఇలా లేదు సార్" అన్నాడు కొండలరావు. ముఖం ఎర్రబడింది. "ఏటవాలుగానే చేశాను. రెండు కొండల మధ్య లోయ, లోయలోంచి మెలికలు తిరిగే దారి. ఆ లోయ చెయ్యడానికి నాకు నెలలు పట్టింది. ఒక్కడు లోయలోకి పోడే. ఈవిడ బండికి అంత బలం ఉంటే లోయతో పనేముంది? కొండ మొదట్లోకి గెంతి, నెత్తి మీంచి ఎక్కి అటు దిగిపోతున్నారని టెస్టింగ్ వాళ్లే చెప్పారు. అందుకని కాస్త నిటారు చేశాను."

"నేను బలం పెంచింది ఎందుకనుకున్నావ్?" అంది బండి వదిన. "బండి కొండ ఎక్కట్లేదని నాకు ఫిర్యాదు వచ్చింది. పెంచాను."

"ఎక్కకూడదనే కదా నేను నిటారు చేసింది."

"చేశావని నాకు చెప్పావా?"

"పెంచావని నాకు చెప్పావా? నువ్వు పెంచాక మళ్లీ అందరూ కొండెక్కేస్తున్నారని వచ్చింది. ఇంకాస్త నిటారు చేశాను."

"అందుకే నేను చక్రాలు పెద్దవి చెయ్యాల్సి వచ్చింది."

"ఓహో, అందుకా. నేను బండలు పెట్టింది ఆ చక్రాల కోసమే."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని సామెత. ఇక్కడ ఇద్దరూ ఒకే కప్పు కింద పడుకుని లేస్తూ, ఒకరికి తెలియకుండా ఒకరు ఏడాది పొడుగునా తన్నుకున్నారు. పెద్దాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"మీరిద్దరూ రోజూ ఒకే బల్ల దగ్గర భోంచేస్తారు కదా. అప్పుడైనా చెప్పుకోలేదా?"

బండి వదిన చెప్పింది. "ఇంట్లో ఆఫీసు మాట ఎత్తొద్దని అత్తయ్య ఆర్డరు సార్. ఒకసారి ఒక గొయ్యి లోతు గురించి భోజనాల దగ్గర గట్టిగా అరుచుకున్నాం. అప్పట్నించి."

"నేను ఇద్దరికీ చెప్తూనే ఉన్నాను" అంది నస.

"ఎవరిది వాళ్లకే చెప్పారు" అన్నాడు కొండలరావు.

"ఎవరిది వాళ్లకే కదా చెప్పాలి?"

తిలాపాపం తలా పిడికెడు. బండి వదినకి ఆ కంట్రోలర్ తీసుకెళ్లి ముగ్గురి నెత్తినా మొట్టాలనిపించింది, మూడో నెత్తి తనదే.

"ఈ గ్రహం మొదట్లో ఎలా చేశామో దానికే వెనక్కి పోదాం సార్" అంది. "ఈ పెంచుకోడాలు మొదలవకముందు బాగానే ఉంది."

"బాగుందని ఎవరన్నారు? అదీ ఎవరూ నడపలేదుగా. ఆ పాత గ్రహం వేసిన సెట్లు రెండే మిగిలాయి. పని ఇంటికి తీసుకెళ్తానని నువ్వొకటి పట్టుకెళ్లావు, మీ ఇంట్లో పడి ఉంది. రెండోది మా ఇంట్లో. దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పెడుతున్నారు." ఆ మాట అంటూ పెద్దాయన ఎందుకో కిటికీ వైపు చూశాడు. తర్వాత పెన్ను మళ్లీ మొదలెట్టాడు. టక్ టక్, టక్. "సరే, నేను మొండివాణ్ని కాదు. ఒక్క మనిషిని చూపించు. ఎవరూ చెప్పకుండా, జీతం కోసం కాకుండా, తనకి పోవాలనిపించి నౌక దగ్గర్నించి టవర్ దాకా ఈ బండి నడిపిన మనిషిని. పాత గ్రహమైనా సరే, కొత్తదైనా సరే. సోమవారం పొద్దున నా ముందు కూర్చోబెట్టు. బండి ఉంటుంది. లేదంటే తీసేస్తున్నాం. మీ ఇంట్లోవాళ్లని, నీ స్నేహితుల్ని తెచ్చి మాత్రం కూర్చోబెట్టకు. నీ ముఖం చూసి నడిపినవాళ్లు నాకు లెక్కలోకి రారు."

ఆ రోజు శనివారం. సోమవారం ఎంత దూరం ఉంటుందో మీకు తెలుసు.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. బండి వదిన భర్త పళ్ల డాక్టరు. పగలంతా అందర్నీ నోరు తెరవమంటాడు, ఇంటికొచ్చి తను తెరవడు. కొండలరావు పళ్లెంలోకి చూస్తూ తిన్నాడు. అత్తగారు ఇటొకసారి అటొకసారి చూసింది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. ఊరందరి మాటలూ ఆవిడ చెవుల మీదుగానే పోయేవట. అలాంటి ఆవిడకి ఇప్పుడు గోడ గడియారం మాట ఒక్కటే వినిపిస్తోంది.

"ఏమైందర్రా?" అంది.

"ఆఫీసు సంగతి అత్తయ్యా" అంది కోడలు.

"అయితే వద్దులే."

అక్కడితో ఆ ముచ్చటా ముగిసింది.

ఆదివారం ఇంకా ఎండ ఎక్కకముందే బండి వదిన లేచి హాల్లోకి వచ్చింది. పాత గ్రహం ఎలా ఉండేదో ఒకసారి చూద్దామని ఆవిడ ఆలోచన. తీసేసేముందు ఒక్కసారైనా తన బండి తను నడుపుకుందామని. తీరా చూస్తే కొండలరావు అప్పటికే టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, చేతిలో కంట్రోలర్ ఉంది గానీ ఏమీ నొక్కట్లేదు.

"నువ్వేంటి ఇక్కడ?"

"నా లోయ చూసుకుందామని" అన్నాడు. "నిటారు చేసేముందు ఎలా ఉండేదో నేనే మర్చిపోయాను. వదినా, ఇది చూడు."

టీవీలో బండి కనిపిస్తోంది. నౌక దగ్గర ఉండాల్సిన బండి నౌక దగ్గర లేదు. లోయ మధ్యలో, ఒక పెద్ద రాతి చూరు కింద, ఎవరో ఇంటి ముందు స్కూటరు పెట్టినంత జాగ్రత్తగా నిలబెట్టి ఉంది. దాని ముందూ వెనకా ఇసుక మీద చక్రాల జాడలు.

బండి వదిన గొంతుక్కూర్చుంది. ఆటగాళ్లు ఎటు పోతున్నారో తెలియాలని పరీక్ష సెట్లలో చక్రాల జాడ చెరిగిపోకుండా పెట్టింది తనే. ఆఫీసులో అందరూ గెంతేవాళ్లే కాబట్టి ఆ జాడ ఎక్కడా ఒక దారిగా పడలేదు, అది పెట్టిన సంగతే తను మర్చిపోయింది. ఇక్కడ మాత్రం ఒకటి మీద ఒకటి, ఒకటి మీద ఒకటి పడి దారి పడిపోయింది. అడవిలో మనుషులు నడిచి నడిచి కాలిబాట పడినట్టు. ఆ దారి కొండ నెత్తి మీంచి పోలేదు. లోయలో మెలిక తిరిగి, ఎండ పడే బండ దగ్గర కాస్త వెడల్పై, మళ్లీ సన్నబడి, అచ్చం కొండలరావు పోవాలనుకున్నట్టే పోయింది.

"ఆ బండ దగ్గర ఆగి చూస్తారని పెట్టాను" అన్నాడతను. "ఆగారు. చూడు, ఆగిన గుర్తులు."

"బోల్తా పడిన గుర్తులు కూడా లేవు" అంది ఆవిడ. అనేసి కళ్లు తుడుచుకుంది. మూడేళ్ల చాకిరీకి ఒక్క మంచిమాట రాలేదని ఏడవని మనిషి, ఇసుకలో నాలుగు గీతలు చూసి ఏడ్చింది.

"ఎవరు నడిపారు? అన్నయ్యా?"

"మీ అన్నయ్యకి టీవీ ఆన్ చెయ్యడమే రాదు."

"దాన్ని కదపకండి" అంది వెనకనించి ఒక గొంతు. "నేను అక్కడ ఆపి పెట్టుకున్నాను."

అత్తగారు. చేతిలో కాఫీ గ్లాసు, ముక్కు మీద కళ్లజోడు. ఇద్దరి మధ్యలోంచి వచ్చి, కొడుకు చేతిలో కంట్రోలర్ తీసుకుని, తన కుర్చీలో కూర్చుంది. కూర్చున్న తీరు చూస్తే ఆ కుర్చీ చాలాకాలంగా ఆ పనికే ఉందని తెలిసిపోతోంది.

"మీరా అత్తయ్యా?"

"ఏం, నేను నడపకూడదా? మీరంతా ఆఫీసులకి పోతారు. ఆదివారం ఎండెక్కేదాకా పడుకుంటారు. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే ఇది ఆన్ అయింది. పక్కన ఎవరో అమ్మాయి జాగ్రత్త అంది. నాతో ఒకరు మాట్లాడి ఎన్నాళ్లయిందో అనిపించి, ఇంకేమంటుందో చూద్దామని కాస్త ముందుకి పోనిచ్చాను."

బండి కదిలింది. అత్తగారు నెమ్మదిగా, రోడ్డు దాటే పిల్లని చెయ్యి పట్టుకుని నడిపించినట్టు నడుపుతోంది. స్ప్రింగులు మెత్తగా లేచి పడుతున్నాయి. రాయి ఎక్కినప్పుడు బండి ఒక పక్కకి ఒరిగి, సర్దుకుని, ముందుకి పోయింది. అలా సర్దుకోవాలనే కదా బండి వదిన మొదట చేసింది. తర్వాత పోటీలో పడి ఆ సర్దుకోడాన్నే చంపేసుకుంది.

"సగం దూరం పోయాక గానీ ఈ అమ్మాయి నోరు విప్పదు" అంది అత్తగారు. "డాక్టరు. చెల్లెలు ఆ టవర్లో పనిచేసేదట. ఏదో మాటా మాటా అనుకుని ఇద్దరూ ఏళ్ల తరబడి మాట్లాడుకోలేదట. ఇప్పుడు టవర్నించి సమాధానం రావట్లేదని వెతుక్కుంటూ పోతోంది. పాపం, మాట్లాడకుండా ఎంతకాలం వృథా చేశామో అంటుంది ఆ మలుపు దగ్గర. టవర్లో ఏం జరుగుతుందో నేను చెప్పను, మీకు తెలిసే ఉంటుంది."

"మాకు తెలీదమ్మా" అన్నాడు కొండలరావు.

అత్తగారు కళ్లజోడు పైనుంచి చూసింది. "మీరే కదర్రా చేసింది?"

ఇద్దరూ టీవీ వైపు తిరిగారు.

"అంటే మీరు టవర్ దాకా వెళ్లారా? పూర్తిగా?" అంది బండి వదిన.

"ఎన్నిసార్లో."

"మరి ఇన్నాళ్లూ ఒక్క మాట చెప్పలేదేంటి అత్తయ్యా?"

"ఎలా చెప్పను? ఇంట్లో ఆఫీసు మాట వద్దని అన్నది నేనే కదా."

బండి వదిన తల పట్టుకుంది. ఎవరూ చెప్పకుండా, జీతం లేకుండా, తనకి పోవాలనిపించి నౌక నించి టవర్ దాకా నడిపిన మనిషి ప్రపంచంలో ఒక్కరున్నారు. ఆ ఒక్కరూ తన సొంత అత్తగారు. ఇంట్లోవాళ్లు లెక్కలోకి రారని పెద్దాయన ముందే కత్తెర వేసేశాడు. చచ్చీ చెడీ మనిషి దొరికితే, పనికిరాని మనిషి దొరికింది. సోమవారం ఆవిణ్ని తీసుకెళ్లి కూర్చోబెడితే, "మీ అత్తగారా, బాగుందమ్మా" అని నవ్వి బండి తీసేస్తాడు. అంతకంటే ఎవరూ దొరక్కపోయినా బాగుండేది.

"అత్తయ్యా, మీరు మా ఆయనకి అమ్మ కాకపోతే ఎంత బాగుండేది" అంది.

"ఆ మాట పెళ్లిచూపులప్పుడు అనాల్సింది" అంది అత్తగారు. టీవీలో దారి మీంచి చూపు తిప్పలేదు. "అయినా నాదేముంది, నేను వెనకాల పోయేదాన్ని. దారి వేసింది నేను కాదు."

కొండలరావు లేచి నిలబడ్డాడు. "అదేంటి?"

"నేను మొదటిసారి వచ్చేసరికే ఇక్కడ చక్రాల గుర్తులున్నాయి. అవి పట్టుకునే నేర్చుకున్నాను. రెండో బండి ఒకటి తిరుగుతుంది ఇక్కడ. ఎక్కువగా ఆదివారం పొద్దున్నే వస్తుంది. మొదట్లో నేను గుంటలో పడితే వెనక్కొచ్చి ముక్కుతో నెట్టి పోయేవాడు. మాటా పలుకూ ఉండదు, కానీ పెద్దమనిషి. నడిపే తీరు చూస్తే తెలుస్తుంది."

బండి వదిన టీవీ కిందున్న పాత సెట్టు వైపు చూసింది. పరీక్ష సెట్లన్నీ ఒకే గ్రహంలో కలిసేలా చేసి ఉంచారు, ఒకరి బండి ఒకరికి కనిపించేలా. ఈ పాత గ్రహాన్ని ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ ఆపలేదు. కానీ ఇందులోకి రావాలంటే పాత సెట్టు ఉండాలి. అవి మిగిలినవి రెండే. ఒకటి ఈ హాల్లో ఉంది.

"వదినా" అన్నాడు కొండలరావు నెమ్మదిగా. "రెండోదాని మీద బట్టలు మడతపెడుతున్నారన్నాడు కదా."

"నోర్ముయ్" అంది ఆవిడ, ఇంకా నమ్మలేక. నమ్మితే రేపు ఏం చెయ్యాలో తెలియక కూడా. ఒక్క మనిషిని తెచ్చి నా ముందు కూర్చోబెట్టమన్నాడు. ఆ మనిషిని ఆయన ముందే ఎలా కూర్చోబెట్టడం?

"అదిగో వచ్చాడు" అంది అత్తగారు.

లోయ మలుపులో, రెండు చందమామల కింద, ఇంకో ఆరు చక్రాల బండి నిలబడి ఉంది. అత్తగారు ఒక మీట నొక్కింది. ఈ బండి దీపాలు ఒకసారి వెలిగి ఆరాయి. "మేం ఇలాగే పలకరించుకుంటాం. ఆయన లెక్క ఆయనకుంటుంది, చూడండి."

అవతలి బండి దీపాలు వెలిగాయి. రెండుసార్లు వెంటవెంటనే, కాస్త ఆగి, ఒకసారి.

బండి వదిన మరిది వైపు చూసింది. అతను అప్పటికే ఆవిడ వైపు చూస్తున్నాడు. ఇద్దరి చెవుల్లోనూ ఒకే పెన్ను ఒకే బల్ల మీద కొడుతోంది.

"ఏంటర్రా అలా అయిపోయారు?" అంది అత్తగారు. "ఆయన మీకు తెలుసా?"